పద్నాలుగు అంగుళాల తేడా

ఏటి మొగ పరిశోధన కేంద్రం,
రేవు పక్క గది,
మే 5, మంగళవారం

అత్తా,

బతికే ఉన్నాను. ముందు ఈ మాట నాన్నకి చెప్పి, మిగతాది తీరిగ్గా చదువుకో.

ఇక్కడ ఫోన్ మూగనోము పట్టింది. సిగ్నల్ కోసం డాబా ఎక్కినా, చెయ్యి పైకెత్తినా లాభం లేదు. ఆఫీసులో ఒక వైర్‌లెస్ ఉందిగానీ అది పనులకే. మంగళవారం, శుక్రవారం తపాలా పడవ వస్తుంది, కనుక ఈ సెలవులంతా మనిద్దరికీ ఉత్తరాలే దిక్కు. నా అక్షరాలు చూసి నవ్వకు.

గదిలో రెండు ఇనప మంచాలు, ఒక బల్ల, గోడ మీద పోటు పాటుల వేళల పట్టిక. కిటికీ తీస్తే నీళ్ళే. ఏరు వచ్చి సముద్రంలో కలిసే చోటు ఇది. పోటు వేళ సముద్రం లోపలికి తోసుకొస్తుంది, పాటు వేళ ఏరు దాన్ని బయటికి నెడుతుంది. రోజుకి రెండుసార్లు ఇదే పేచీ.

నా పని చెప్తా విను. మొగలో పది చోట్ల ఎర్ర డబ్బాలు తేలకట్టారు. పాటు పూర్తిగా దిగి నీళ్ళు నిలబడగానే బోటులో ఒక్కో డబ్బా దగ్గరికి వెళ్ళాలి. సీసం గుండు కట్టిన తాడు నీళ్ళలోకి వదిలి లోతు చూడాలి. సీసాలో నీళ్ళు పట్టి ఉప్పెంతో చూడాలి. పుస్తకంలో రాయాలి. మొదటి రోజు నేను రాసింది తక్కువ, బోటు అంచు పట్టుకుని కక్కుకున్నది ఎక్కువ. రెండో రోజు నుంచి కడుపు దారికొచ్చింది.

మా పెద్దాయన్ని నేను గొడుగు సార్ అంటాను, మనసులో. బోటులో కూడా గొడుగు దించరు. బోటు నడిపే సరంగు తాడిచెట్టంత మనిషి. నేను ఆయన మోచెయ్యి దగ్గరికొస్తాను. కేంద్రం వాళ్ళిచ్చిన రెయిన్‌కోటు వేసుకుంటే చేతులు కనపడటం లేదు. నాలుగు మడతలు పెట్టాక వేళ్ళు బయటికొచ్చాయి.

అత్తా, నాకిది ఎంత నచ్చిందో చెప్పలేను. నువ్వు పోట్లాడకపోతే ఈపాటికి కోచింగు సెంటర్లో వడ్డీ లెక్కలు చేస్తూ ఉండేదాన్ని.

నీ కోడలు

*

దర్జీ షాపు,
మిషను పక్క నుంచి,
మే 9

ఒసేయ్ బుడంకాయా,

ఉత్తరం అందింది. నీ అక్షరాలకి నవ్వలేదు, కక్కుకున్నందుకు నవ్వాను. రెయిన్‌కోటు సంగతి నాకు కొత్తా? నీ కొలతకి రెడీమేడ్ బట్ట ఈ భూమ్మీద దొరకదే. నీకు మూడేళ్ళప్పటి నుంచీ నేనే కుడుతున్నాను కాబట్టి సిగ్గుపడకుండా తిరుగుతున్నావు.

మీ నాన్నకి ఉత్తరం చదివి వినిపించాను. 'బతికే ఉన్నాను' దగ్గర ఊపిరి వదిలాడు. 'నచ్చింది' దగ్గర మూతి ముడిచాడు. "నీళ్ళు కొలవడానికి చదువెందుకక్కా, బ్యాంకులో కూర్చుంటే ఫ్యాను కింద ఉద్యోగం" అని మళ్ళీ మొదలెట్టాడు. నా తమ్ముడే గానీ, ఇరవై రెండేళ్ళుగా లారీలు తూచీ తూచీ కాటాలాగే తయారయ్యాడు. ఒకవైపు మొగ్గాడంటే కదలడు. మీ అమ్మ ఎప్పట్లాగే ఇద్దరికీ టీ ఇచ్చి లోపలికెళ్ళిపోయింది.

ఒప్పందం గుర్తుంది కదా? సెలవులయ్యేసరికి ఆ కేంద్రం వాళ్ళు నీ పని గురించి రాసిన కాగితం మీ నాన్న చేతిలో పడాలి. అది చూసి తృప్తి పడితేనే పై చదువు దరఖాస్తు మీద సంతకం. లేకపోతే నోరెత్తకుండా బ్యాంకు కోచింగు. దరఖాస్తుకి జూన్ ఇరవై ఆఖరు. నీ తరఫున హామీ ఉన్నది నేను. నా పరువు నీ సీసం గుండుకి కట్టి ఉంది, ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చెయ్యి.

నీ అత్త

*

రేవు పక్క గది,
మే 19, మంగళవారం

అత్తా! అత్తా! అత్తా!

కూర్చునే చదువు. నీ కోడలు ఏరు లోతు పెరిగిందని కనిపెట్టింది!

మొదట్నుంచీ చెప్తాను. నేను వచ్చిన వారానికే మా లోతు తాడు ఇంజిన్ రెక్కలకి చుట్టుకుని ముక్కలైపోయింది. దాన్ని లాగబోయి సరంగు అరచెయ్యి కోసుకున్నాడు. పెద్ద దెబ్బేం కాదు, కట్టు కట్టారు. గొడుగు సార్ ఏదో మీటింగుకి వెళ్ళి పది రోజులు లేరు. పని ఆపకూడదు. గోదాములో కొత్త తాడు దొరికింది. "గుర్తులు ఎలా పెట్టాలి?" అని సరంగుని అడిగితే, "ఏముందమ్మా, బారకో గుడ్డముక్క కట్టు. బారంటే రెండు చేతులూ బార్లా చాపినంత. పాత తాడు నేనలాగే కట్టాను. మా నాన్నా అంతే" అన్నాడు. చేతికి కట్టుంది కదా, తనెలా చాపుతాడు? నేనే తాడు గుప్పెట్లో బిగించి, చాపి, బారకొకటి చొప్పున ఎర్ర గుడ్డముక్కలు కట్టాను. ఎంత ముచ్చటగా వచ్చిందో! పుస్తకంలో 'బారలు' అని ఒక గడి, పక్కన ఆరుతో హెచ్చవేసి 'అడుగులు' అని ఒక గడి ఉంటాయి. పదిచోట్లా రోజూ కొలిచి నింపాను.

సార్ తిరిగొచ్చి పుస్తకం తెరిచారు. నిరుడు నడి మొగలో పద్నాలుగున్నర అడుగులు. ఈ ఏడు పద్దెనిమిది! మిగతా తొమ్మిది చోట్లా అంతే, లోతెక్కింది. సార్ గొడుగు పక్కన పెట్టేశారత్తా! "పోయినేడు వరద ఒండ్రంతా కడిగేసి ఉంటుంది" అన్నారు. ఓడరేవు ఆఫీసుకి వైర్‌లెస్‌లో చెప్పారు. వాళ్ళు ఎప్పట్నుంచో దీనికోసమే చూస్తున్నారట. పదహారడుగుల నీళ్ళుంటే సరుకు ఓడ నేరుగా లోపలి రేవుదాకా వస్తుంది. మే 30, శనివారం మొదటి ఓడ తెస్తున్నారు. రిపోర్టులో నా పేరు కూడా వేస్తామన్నారు. ఆ కాగితం చూస్తే నాన్న ఇంకేమంటాడు?

సరంగు మాత్రం తల గోక్కున్నాడు. "అంత లోతెక్కితే నా పడవకి తెలీకుండా ఉంటుందా?" అని. పెద్దవాళ్ళకి ఏ కొత్త సంగతీ ఓ పట్టాన మింగుడుపడదు కదా!

గాల్లో తేలుతున్న నీ కోడలు

*

దర్జీ షాపు,
మే 20, బుధవారం

కోడలు పిల్లా,

నీ ఉత్తరం వచ్చేసరికి ఒక చొక్కాకి కాలరు వేస్తున్నాను. మొదటిసారి చదివి షాపులో ఉన్న ఇద్దరికీ చదివి వినిపించాను. రెండోసారి చదువుతూ తాడు దగ్గర చిక్కుకున్నాను. మిషను ఆపేశాను.

నీ కొలతలు నా పుస్తకంలో ఉన్నాయి. పోయిన నెలలోవే. భుజం పదమూడు అంగుళాలు. చెయ్యి భుజం నుంచి మణికట్టు దాకా పందొమ్మిదిన్నర, రెండూ కలిపి ముప్పై తొమ్మిది. తాడు బిగించిన గుప్పెట్లు ఒక్కోటి మూడు వేసుకో. మొత్తం యాభై ఎనిమిది. ఆరడుగులంటే డెబ్బై రెండు.

ఆ సరంగుకి బార ఆరడుగులేమో. నీకు కాదు. బారకి పద్నాలుగు అంగుళాలు తక్కువ. నీ తాడు మూడు బారలు దిగితే నిజంగా దిగింది పద్నాలుగున్నర అడుగులే. నిరుడెంతో ఈ ఏడూ అంతే. ఏరు లోతెక్కలేదే, నీ చేతులు పొట్టివి.

నా లెక్క తప్పయితే నాకంటే సంతోషించేవాళ్ళు ఉండరు. నీ పెట్టెలో నేను పెట్టిన టేపు ఉంది. తాడు మీద పెట్టి కొలిచి, వెంటనే రాయి. ఓడ వచ్చేది ముప్పైన, పది రోజులే ఉంది.

అత్త

*

రేవు పక్క గది,
మే 22, శుక్రవారం

అత్తకి,

నీ ఉత్తరం అందింది. నేను కులాసా. ఇక్కడ ఎండలు బాగా ఉన్నాయి. పాటు దిగినప్పుడు బురదలో ఎండ్రకాయలు వందలకొద్దీ బయటికొస్తాయి. ఒక కొండి చిన్నదీ ఒకటి పెద్దదీ. పెద్ద కొండి ఊపుతూ ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. సరంగు చేతికట్టు విప్పేశారు. నిన్న బోటుకి కొత్త రంగు వేశాం. నాకూ కొంత అంటుకుంది.

నాన్నని అడిగానని చెప్పు. అమ్మకి కూడా.

ఇట్లు,
కోడలు

*

దర్జీ షాపు,
మే 24, ఆదివారం

ఓయ్,

ఉత్తరం నిండా ఎండ్రకాయలున్నాయి, తాడు లేదు. 'ఇట్లు' అని ఎప్పట్నుంచే నాకు? నువ్వు కొలిచావు. నేను చెప్పినంతే వచ్చింది. నీళ్ళు నములుతున్నావు.

నిన్ను తిట్టడానికి కూర్చున్నాను గానీ, తిట్టే ముఖం నాకు లేదు. ఎవరికీ చెప్పని సంగతొకటి చెప్తాను. నువ్వు పుట్టకముందు, షాపు పెట్టిన కొత్తలో, బడి పిల్లలకి నలభై చొక్కాలు కుట్టే పని దొరికింది. కొలతలు బడివాళ్ళే రాసిచ్చారు. గుడ్డ కత్తిరించిన నా టేపుకి మొదట్లో ఒక అంగుళం ఊడిపోయి ఉంది. చూసుకోలేదు. నలభై చొక్కాలకీ చేతులు పొట్టి. హెడ్‌మాస్టారమ్మ వచ్చి అడిగితే, మొహం మీద రవ్వంత తొట్రుపాటు లేకుండా "గుడ్డ కుంచించుకుపోయిందండీ" అన్నాను. ఆవిడ నమ్మింది. పాపం గుడ్డ కొట్టువాడికి మళ్ళీ ఆ బడి బేరం రాలేదు. ఇన్నేళ్ళయినా ఆ బడి ముందు నుంచి వెళ్ళాలంటే సందు తిప్పుకుని వెళ్తాను. నలభై మంది పిల్లలు మణికట్లు బయటపెట్టుకుని వరసలో నిలబడ్డది ఇప్పటికీ కళ్ళకి కడుతుంది. చొక్కా కాబట్టి సరిపోయింది. నీది ఓడ. అందులో మనుషులుంటారు.

కాగితం పోతుందని భయమా? పోవచ్చు. మీ నాన్న సంతకం పెట్టకపోవచ్చు. నువ్వు కోచింగుకి వెళ్ళాల్సి రావచ్చు. అది తలుచుకుంటే నాకూ ఏడుపొస్తోంది. అయినా చెప్పాల్సిందే.

ఇది నీకు మంగళవారం అందుతుంది. నువ్వు అదే పడవకి జవాబు ఇస్తే నాకు బుధవారం, మహా ఆలస్యమైతే గురువారం చేరుతుంది. గురువారం సాయంత్రం దాకా చూస్తాను. చెప్పానని నీ ఉత్తరం రాలేదో, శుక్రవారం పొద్దున్నే ఓడరేవు ఆఫీసుకి నేనే ఫోన్ చేస్తాను. నేను చెప్తే నిన్ను పట్టించినట్టవుతుంది. నువ్వు చెప్తే అలా కాదు. ఆ అవకాశం నీకివ్వాలని ఈ నాలుగు రోజులూ నా ప్రాణం ఉగ్గబట్టుకుంటున్నాను.

నీ అత్త

*

మే 26, మంగళవారం, రేవు మెట్ల మీద

అత్తా, పడవవాడు కేకలేస్తున్నాడు. నాలుగు ముక్కలే. శుక్రవారమే కొలిచాను. యాభై ఎనిమిది. నీ పుస్తకం పాడుగాను, అరంగుళానికి మించి తేడా లేదు. నాలుగు రోజులుగా టేపు దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నాను. అన్నం సయించడం లేదు. ఈ కాగితం అతని చేతిలో పెట్టి, మెట్లెక్కి నేరుగా సార్ గదిలోకి వెళ్తున్నాను. ఫోన్ చెయ్యొద్దు. చేసేశాననుకో.

*

రేవు పక్క గది,
మే 29, శుక్రవారం

అత్తా,

చెప్పేశాను.

తలుపు దగ్గర నిలబడి, "సార్, ఏరు లోతెక్కలేదు. నా చేతులు పొట్టివి" అన్నాను. ఎన్ని మాటలు కూర్చుకుని వెళ్ళానో, ఆ ఒక్క ముక్కే బయటికొచ్చింది. ఆయనకి అర్థం కాలేదు. తాడు తెచ్చి బల్ల మీద పరిచి, నీ టేపు పక్కన పెట్టాను. ఒక్కో గుడ్డముక్కా కొలిచారు. యాభై ఎనిమిది, యాభై ఎనిమిది, యాభై ఏడున్నర, యాభై ఎనిమిది. టేపు చుట్టి పక్కన పెట్టారు.

చివరికి, "ఎవరు కనిపెట్టారు?" అన్నారు. నేనే అనేయొచ్చు. నిజం చెప్పాలంటే నోటి చివరిదాకా వచ్చింది. "మా అత్తండీ, దర్జీ. ఉత్తరం చదివి. నాకు శుక్రవారమే తెలుసు, చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది" అన్నాను. అప్పుడు ఏడ్చాను. ఏడవకూడదనుకున్నాను గానీ వినలేదు.

ఆయన లేచి వైర్‌లెస్ దగ్గరికి వెళ్ళారు. నేను బయటే నిలబడి విన్నాను. అవతలివాళ్ళు గట్టిగా అరుస్తున్నారు. సార్ మాత్రం, "తాడు కొలవకుండా రిపోర్టు మీద సంతకం పెట్టింది నేను. ఓడని ఆపండి" అన్నారు. రెండుసార్లు అన్నారు. నా మాటే ఎత్తలేదు. అది విన్నాక నాకు ఇంకా సిగ్గేసింది.

సరంగుకి తెలిసి మొదట నవ్వాడు, తర్వాత తల పట్టుకున్నాడు. "అయ్యో తల్లీ, నిన్ను చూసి కూడా నాకు తట్టలేదే! బారంటే మా ఇంట్లో అందరిదీ ఒక్కటే, మేమంతా పొడుగే" అని నొచ్చుకున్నాడు. ఇనప టేపుతో అడుగడుగుకీ గుర్తులు పెట్టి ముగ్గురం కొత్త తాడు కట్టాం. మూడు రోజులు పదిచోట్లా మళ్ళీ కొలిచాం. నిరుడెంతో అంతే. ఒక్క చోట మాత్రం జానెడు తక్కువే.

ఇంకో మాట. పాత కొలతలు చింపేయబోతే సార్ ఆపారు. "తప్పైనా అన్నీ ఒకేలా కట్టావు. ఆరు బదులు నాలుగు అడుగుల పది అంగుళాలతో హెచ్చవేస్తే ఈ రెండు వారాల పనీ నిలబడుతుంది, కూర్చుని చెయ్యి" అన్నారు. చేస్తున్నాను. నూటనలభై లెక్కలు ఉన్నాయి. ఇవాళ అన్నం తిన్నానత్తా, రెండుసార్లు వడ్డించుకున్నాను.

కాగితం సంగతి అడిగే ధైర్యం లేదు.

నీ కోడలు

*

రేవు పక్క గది,
జూన్ 12, శుక్రవారం

అత్తా,

ఇందులో కాగితం ఉంది. నిన్న సార్ పిలిచి, "ఏం రాయమంటావు?" అన్నారు. "జరిగింది రాయండి" అన్నాను. అనేశాను గానీ, గదికొచ్చి నా నోరు పడిపోనూ అని తిట్టుకున్నాను. నువ్వే చదువు:

'ఈ విద్యార్థిని ఆరు వారాలు మా బోటులో పనిచేసింది. లోతు తాడు తప్పుగా కట్టి రెండు వారాల కొలతలు తప్పుగా రాసింది. దర్జీ అయిన ఆమె మేనత్త ఆ తప్పు కనిపెట్టింది. నాలుగు రోజులు ఆలస్యంగానైనా, విద్యార్థిని తానే వచ్చి చెప్పింది. అందువల్ల ఒక ఓడ ఇసుకలో కూరుకుపోకుండా ఆగింది. తర్వాత కొలతలన్నీ తానే సరిదిద్దింది. వచ్చే ఏడు కూడా ఆమె మా బోటులోకి రావాలని కోరుతున్నాను.'

మొదటి సగం నాన్న కంటపడితే రెండో సగం దాకా చదవడు. నాకు ముఖం చెల్లదు, నువ్వే ఇవ్వు. ఇరవైకి ఎనిమిది రోజులే ఉంది. వద్దంటే వద్దనే రాయి, దాచకు.

కోడలు

*

దర్జీ షాపు,
జూన్ 16, మంగళవారం

నా బంగారు కోడలా,

నిన్న కాగితం అందగానే షాపుకి తాళం వేసి మీ నాన్న కాటా దగ్గరికే వెళ్ళాను. ఇంట్లో అయితే మీ అమ్మ టీ పెడుతుంది, మాట పక్కదారి పడుతుంది.

గదిలో నిలబడే చదివాడు. సగానికొచ్చేసరికి నుదురు ముడిపడింది. నేను నోరు తెరవబోయాను, చెయ్యి అడ్డం పెట్టాడు. చివరిదాకా చదివి, మళ్ళీ మొదట్నుంచి చదివాడు. బయట కాటా మీద లారీ ఉంది, డ్రైవరు ఒకటే హారన్. ఏనాడూ ఒక్క లారీని ఊరికే నిలబెట్టని మనిషి తలెత్తి చూడలేదే.

"ఓడ ఆగిందా అక్కా?" అన్నాడు.

"ఆగింది."

"ఎవరైనా గుచ్చి అడిగితే చెప్పిందా, తనే వెళ్ళిందా?"

"నేను కొంచెం తోశానులే. మెట్లు ఎక్కింది మాత్రం తనే" అన్నాను.

స్టూలు మీద కూర్చుండిపోయాడు. "తప్పు తూకం వేసినవాళ్ళని ఇక్కడ చాలామందిని చూశానక్కా. నేనూ ఒకసారి వేశాను. లారీ గేటు దగ్గరే ఉంది, పరిగెత్తితే అందేది. ఉద్యోగం పోతుందని పరిగెత్తలేదు. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు" అన్నాడు. ఒక్క గర్భాన పుట్టినవాళ్ళం, వీడి కడుపులో ఇంత ఉందని నాకే తెలీదు. నేనూ నా చొక్కాల సంగతి చెప్పాను. ఇద్దరం కాసేపు ఒకళ్ళ ముఖం ఒకళ్ళం చూసుకోలేకపోయాం.

తర్వాత, "దరఖాస్తేది?" అని చెయ్యి చాపాడు. నా సంచీలోనే ఉంది, వారం నుంచీ మోస్తున్నాను. కాటా బల్ల మీదే సంతకం పెట్టాడు. ఏడుస్తూ పెట్టాడు, దాచుకోలేదు. ఇవాళ పొద్దున్నే రిజిస్టర్డ్ పోస్టులో పంపేశాను.

మీ నాన్న నీకో చీటీ రాసిచ్చాడు. నేను చదివానులే, కోప్పడకు. ఇందులోనే పెడుతున్నాను:

'అమ్మాయ్, ఆ మెట్లెక్కేటప్పుడు భయం వేసిందా? వేసినా ఎలా ఎక్కావు? ఇంటికొచ్చాక నాకు చెప్పు. — నాన్న'